వినయధర ఉపాలి: శిక్షణ, పరీక్షాకాలం, మన విహారాలు



మీ వాడలో విహారం ఉంటే ఒక సంగతి గుర్తు తెచ్చుకోండి. కొత్తగా ఒక కుర్రాడు వస్తాడు. బాగా మాట్లాడతాడు, పాట పాడతాడు, జెండా మోస్తాడు. రెండు వారాలు తిరక్కముందే మనం అతన్ని కార్యదర్శిని చేస్తాం. మైకు, రసీదు పుస్తకం, తాళంచెవి అన్నీ అతని చేతిలో పెడతాం. మూడు నెలలకు ఏదో మాటపట్టింపు వస్తుంది. అతను అలిగి వెళ్ళిపోతాడు. వాడు అట్లాంటివాడని ముందే తెలుసు అని మనం చెప్పుకుంటాం. తెలిస్తే తాళంచెవి ఎందుకు ఇచ్చాం?

ఇంకో సంగతి. ఒక అక్క దీక్ష తీసుకుని మూడేళ్ళయింది. ప్రతి పౌర్ణమికీ వస్తుంది, చాపలు వేస్తుంది, ఊడుస్తుంది. ఆమెకు వందన చదివే అవకాశం మాత్రం ఇంతవరకు రాలేదు. ఇంట్లో అత్తగారు ఇంకా దీపం పెడుతుందట, కొన్నాళ్ళు చూద్దాం అంటారు. ఎన్నాళ్ళు? ఎవరూ చెప్పరు. ఈ రెండూ మా విహారంలో జరిగినవే. రెండింట్లోనూ తప్పు మాదే, అందులో నా పాలు ఉంది. మొదటివాడిని పరీక్షించలేదు, నేర్పలేదు. రెండో మనిషికి పరీక్ష పెట్టి, అది ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేదు.

కొత్తవాళ్ళను ఎట్లా చేర్చుకోవాలి, ఎన్నాళ్ళు చూడాలి, ఎవరు నేర్పాలి అనే ప్రశ్న బుద్ధుని సంఘానికీ వచ్చింది. ఆ జవాబులన్నీ వినయ పిటకంలో ఉన్నాయి. ఆ వినయాన్ని గుర్తు పెట్టుకుని మనదాకా చేర్చినవాడు క్షౌరం చేసి బతికిన మనిషి. ఆయన పేరు ఉపాలి. ఈసారి ఆయన జీవితం మీకు చెప్తాను.

ఉపాలి కపిలవత్తులో శాక్యుల దగ్గర పనిచేసే క్షురకుడు. శాక్యులు ఎంత అభిమానధనులో మీకు తెలుసు. వంశం పేరు చెబితే చాలు ఛాతీ ఉబ్బేది. వాళ్ళ తలలూ గడ్డాలూ ఉపాలి చేతిలో ఉండేవి, ఉపాలి బతుకు వాళ్ళ చేతిలో ఉండేది.

ఒకరోజు ఆరుగురు శాక్య కుమారులు ఇల్లు వదిలి బుద్ధుని దగ్గరికి బయలుదేరారు. భద్దియుడు, అనురుద్ధుడు, ఆనందుడు, భగు, కింబిలుడు, దేవదత్తుడు. ఉపాలి ఏడోవాడుగా వెంట నడిచాడు, సేవకుడిగా. పొలిమేర దాటాక వాళ్ళు నగలు విప్పి మూట కట్టారు. ఆ మూట ఉపాలికి ఇచ్చి, ఇది నీ బతుక్కి సరిపోతుంది, తిరిగి వెళ్ళమన్నారు.

ఉపాలి కొంతదూరం వెనక్కి నడిచి ఆగిపోయాడు. కుమారులు లేకుండా నగల మూటతో తాను ఒక్కడే ఊళ్ళోకి వస్తే శాక్యులు ఏమంటారు? వాడే చంపి నగలు తెచ్చాడంటారు. అడిగేవాడు ఉండడు, వినేవాడు ఉండడు. ఆ భయం ఏమిటో మన తాతలకు తెలుసు. ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఎవరి గడప తొక్కేవారో మనం వినలేదా? భయంతోపాటు ఇంకో ఆలోచన కూడా ఉపాలికి వచ్చింది. ఇంత సుకుమారంగా పెరిగినవాళ్ళే ఇల్లు వదలగలిగితే తనకేం అడ్డం? మూటను చెట్టుకు తగిలించాడు. చూసినవాళ్ళు తీసుకోవచ్చని వదిలేసి, తిరిగి కుమారుల వెంట పడ్డాడు.

మల్లుల దేశంలో అనుపియ అనే చోట బుద్ధుడు ఉన్నాడు. అందరూ అక్కడికి చేరారు. అప్పుడు శాక్య కుమారులు ఒక కోరిక కోరారు. తమకంటే ముందు ఉపాలికి పబ్బజ్జ ఇవ్వమన్నారు. సంఘంలో ముందు చేరినవాడు పెద్ద, వెనక చేరినవాడు లేచి నిలబడి చేతులు జోడించాలి. ఇన్నాళ్ళు తమకు సేవ చేసినవాడికి తాము వంగి నమస్కరిస్తేనే తమ శాక్య గర్వం అణుగుతుందని వాళ్ళు చెప్పుకున్నారు. బుద్ధుడు అట్లాగే చేశాడు. ముందు ఉపాలి, ఆ తర్వాతే కుమారులు.

చాలా ప్రసంగాల్లో ఉపాలి కథ ఇక్కడితో ఆగిపోతుంది. మనం చప్పట్లు కొడతాం. కానీ ఆయన జీవితంలో అసలు పని ఆ మర్నాడు మొదలయింది. ముందు వరసలో నిలబెట్టినంత మాత్రాన ఎవరికీ విద్య రాదు. ఉపాలి శిక్షణలోకి వెళ్ళాడు. కప్పితకుడనే థేరుడు ఆయనకు ఉపజ్ఝాయుడు, అంటే దీక్షాగురువు.

ఉపజ్ఝాయుడు అనే ఏర్పాటు ఎందుకు వచ్చిందో వినండి. మొదట్లో కొత్త భిక్కువులకు నేర్పేవాళ్ళు లేరు. చీవరం సరిగా కట్టేవారు కాదు, భిక్షకు వెళ్ళి తినేవాళ్ళ పళ్ళెం మీద పాత్ర చాపేవారు, భోజనశాలలో గోల చేసేవారు. జనం చీదరించుకున్నారు. అప్పుడు బుద్ధుడు ప్రతి కొత్తవాడికీ ఒక గురువు ఉండాలన్నాడు. గురువు శిష్యుణ్ణి కొడుకులా చూడాలి, శిష్యుడు గురువును తండ్రిలా చూడాలి. కొత్తవాడు గురువు మీద ఆధారపడి ఉండే ఈ కాలాన్ని నిస్సయ అంటారు. ముందు దాన్ని 10 ఏళ్ళు అన్నారు. తర్వాత సమర్థుడికి 5 ఏళ్ళు చాలన్నారు. నేర్చుకోనివాడికి మాత్రం జీవితాంతం గురువు నీడే.

ఇది ఒకవైపు బరువు కాదు, గమనించండి. శిష్యుడు గురువుకు నీళ్ళు పెట్టాలి, చీవరం ఉతకాలి, గది ఊడవాలి. అదే వినయంలో గురువు విధులు కూడా రాసి ఉన్నాయి. శిష్యుడికి పాత్ర లేకపోతే గురువు సంపాదించి పెట్టాలి. చీవరం లేకపోతే చూడాలి. శిష్యుడు జబ్బుపడితే గురువే పళ్ళపుల్ల, నీళ్ళు, గంజి అందించి, లేచేదాకా సాకాలి. మన దగ్గర షెడ్డులో పనికి చేరిన కుర్రాడి సంగతి చూడండి. రెండేళ్ళు పానాలు అందించడం, టీ తేవడమే. మేస్త్రీకి ఏ విధీ ఉండదు. వినయంలో అట్లా కాదు. పరీక్ష శిష్యుడికి ఎంతో గురువుకూ అంతే.

గురువు అయ్యే అర్హతకు కూడా హద్దు ఉంది. ఉపసేనుడనే భిక్కువు తాను చేరి ఏడాది అయిందో లేదో ఒక శిష్యుణ్ణి చేర్చుకున్నాడు. ఇద్దరూ కలిసి బుద్ధుని దగ్గరికి వచ్చారు. తానే ఇంకొకరి దగ్గర నేర్చుకోవాల్సినవాడు ఇంకొకరికి ఏం నేర్పుతాడని బుద్ధుడు మందలించాడు. 10 ఏళ్ళు నిండినవాడే, అదీ సమర్థుడైతేనే, గురువుగా ఉండాలని నియమం పెట్టాడు. నిన్న చేరి ఇవాళ పదిమందిని చేర్చి లెక్క చూపించే మనవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవాలి.

ఇప్పుడు 4 నెలల పరీక్షాకాలం సంగతి. దాన్ని పరివాస అంటారు. ఇది ఉపాలికి గానీ ఆ కుమారులకు గానీ పెట్టింది కాదు. వేరే మతశాఖలో సన్యాసిగా ఉండి వచ్చేవాళ్ళకు పెట్టింది. ఇట్లాంటివాడే ఒకడు సంఘంలో చేరాడు. గురువు ఏదో తప్పు దిద్దబోతే గురువుతోనే వాదం పెట్టుకుని పాత శాఖకు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి చేర్చుకోమన్నాడు. అట్లా వెళ్ళినవాణ్ణి మళ్ళీ తీసుకోవద్దని, ఇక ముందు వేరే శాఖ నుంచి వచ్చేవాళ్ళకు 4 నెలలు చూడాలని బుద్ధుడు నిర్ణయించాడు.

ఎట్లా చూడాలో కూడా చెప్పాడు. వచ్చినవాడు తల గొరిగించుకుని, చీవరం కట్టుకుని, మూడుసార్లు శరణం చెప్పి, సంఘం ముందే పరివాస ఇవ్వమని మూడుసార్లు అడగాలి. సంఘం నలుగురి ముందే ఒప్పుకోవాలి. ఆ తర్వాత చూసేది ఏమిటంటే, ఊళ్ళోకి మరీ పొద్దున్నే పోయి మరీ పొద్దుపోయాక వస్తున్నాడా? తోటివాళ్ళ పనుల్లో చెయ్యి వేస్తున్నాడా, తప్పించుకుంటున్నాడా? నేర్చుకోవడంలో శ్రద్ధ ఉందా? తిరగకూడని చోట్ల తిరుగుతున్నాడా? తన పాత గురువును, పాత మతాన్ని ఎవరైనా విమర్శిస్తే ముఖం మాడ్చుకుంటున్నాడా? ఈ చివరిదే అసలు గుర్తు. మనిషి శరీరంతో వచ్చాడా, మనసుతో వచ్చాడా అనేది అక్కడ తేలుతుంది. ఈ జాబితాలో కులం లేదు, డబ్బు లేదు, ఎవరి మనిషి అనేది లేదు. రోజూ కళ్ళకు కనబడే నడవడికే ఉంది. గడువు కూడా తెలిసిందే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ 4 నెలల నుంచి రెండు రకాలవాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. అగ్నిని కొలిచే జటిలులు కమ్మాన్ని ఒప్పుకునేవాళ్ళు గనుక వాళ్ళకు అక్కరలేదన్నారు. పుట్టుకతో శాక్యుడైనవాడు వేరే శాఖ నుంచి వస్తే బంధువు అనే కారణంతో అక్కరలేదన్నారు. ఈ రెండోది చదివినప్పుడు నాకు గుచ్చుకుంది, మీకూ గుచ్చుకోవచ్చు. పుట్టుకకు మినహాయింపు ఏమిటి అని అడగడం తప్పు కాదు. పరీక్షించి చూడమన్నదే మన ధమ్మం. నేనైతే ఆ నియమం పక్కన అనుపియలో జరిగిన దాన్ని పెట్టి చూస్తాను. అక్కడ పుట్టుకను వెనక్కి నెట్టి క్షురకుణ్ణి ముందు నిలబెట్టారు. మన విహారాలు ఈ రెండింటిలో దేన్ని పట్టుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

మనిషిని బట్టి సడలింపు కూడా ఉంది. కుసినారలో బుద్ధుడు చివరి శ్వాస మీద ఉన్న రాత్రి సుభద్దుడనే పరివ్రాజకుడు వచ్చాడు. 4 నెలల నియమం విని, కావాలంటే 4 ఏళ్ళు ఉంటానన్నాడు. బుద్ధుడు మనుషుల్లో తేడా ఉంటుందని గుర్తించి వెంటనే చేర్చుకోమన్నాడు. నియమం ఉన్నది మనిషిని తెలుసుకోవడానికే. మనిషి తెలిసిపోయాక నియమం పేరుతో గుమ్మంలో నిలబెట్టడం ధమ్మం కాదు.

వయసు సంగతి కూడా వినండి. రాజగహలో 17 మంది పిల్లలు ఉండేవారు. వాళ్ళలో పెద్దవాడి పేరు కూడా ఉపాలే, కానీ మన ఉపాలి వేరు. రాయడం నేర్పిస్తే వేళ్ళు నొప్పి, లెక్కలు నేర్పిస్తే గుండె నొప్పి, భిక్కువైతే సుఖంగా తిని పడుకుంటాడని తల్లిదండ్రులు లెక్క వేశారు. పిల్లలందరూ ఉపసంపద తీసుకున్నారు. తెల్లవారకముందే లేచి గంజి కావాలని ఏడ్చారు. ఆకలి, ఎండ, మాట పడటం ఓర్చుకునే వయసు కాదని బుద్ధుడు 20 ఏళ్ళు నిండనివారికి ఉపసంపద ఇవ్వొద్దన్నాడు. అంతకంటే చిన్నవాళ్ళు సామణేరులుగా నేర్చుకోవచ్చు. దానికీ తల్లిదండ్రుల అనుమతి కావాలి. రాహులుణ్ణి చేర్చుకున్నాక సుద్ధోదనుడు బాధపడి అడిగిన నియమం అది.

మళ్ళీ ఉపాలి దగ్గరికి వద్దాం. కొన్నాళ్ళకు ఆయనకు అడవిలో ఒంటరిగా ధ్యానం చేసుకోవాలనిపించింది. అనుమతి అడిగాడు. బుద్ధుడు వద్దన్నాడు. ఏనుగు దిగి స్నానం చేసే మడుగులో కుందేలు దిగితే ఏమవుతుందో చెప్పి, సంఘంలోనే ఉండి నేర్చుకోమన్నాడు. ఉపాలికి అది చిన్నతనంగా అనిపించి ఉండొచ్చు. అయినా ఉండిపోయాడు. బుద్ధుని దగ్గరే వినయం మొత్తం నేర్చుకున్నాడు, అరహంతుడూ అయ్యాడు. శిష్యుడు ఏం కోరుతున్నాడన్నది ఒకటి, శిష్యుడికి ఏం సరిపోతుందన్నది ఇంకొకటి. ఆ తేడా చూడగలిగినవాడే గురువు.

సంఘంలో చేరాక కులం మాట వినబడలేదా? వినబడింది. వేసాలిలో కొందరు భిక్కుణులు ఉపాలి గురువైన కప్పితకుడి మీద పగబట్టి చంపాలని ఆలోచన చేశారు. అది ఉపాలి చెవిన పడింది. వెంటనే గురువుకు చెప్పాడు, గురువు తప్పుకుని దాక్కున్నాడు. వాళ్ళు గుడిసె మీద రాళ్ళూ మట్టిపెళ్ళలూ వేసి చచ్చాడనుకుని వెళ్ళారు. మర్నాడు ఆయన భిక్షకు వెళ్తూ కనబడ్డాడు. కుట్ర బయటపెట్టింది ఉపాలేనని తెలిసి, అతని వృత్తిని, పుట్టుకను ఎత్తి నీచంగా తిట్టారు. ఒక ప్రాణం కాపాడినవాడికి దక్కింది కులం తిట్టు. సంఘం దాన్ని ఊరుకోలేదు. భిక్కువును దూషించడం తప్పని భిక్కుణులకు నియమం పెట్టారు. పుట్టుక ఎత్తి, పని ఎత్తి ఎవరినైనా కించపరచడం భిక్కువులకూ తప్పేనని వేరే నియమం ఉంది. కొత్తవాణ్ణి పరీక్షించే సంఘం తన నోటిని కూడా పరీక్షించుకోవాలి.

తర్వాత రోజుల్లో భిక్కువులు గుంపులుగా ఉపాలి దగ్గరికి వచ్చి వినయం నేర్చుకునేవారు. వాళ్ళలో ఆయనకంటే ముందు చేరిన థేరులు ఉండేవారు. పెద్దలన్న గౌరవంతో ఉపాలి నిలబడి చెప్పేవాడు. ధమ్మం మీద గౌరవంతో ఆ పెద్దలు నిలబడి వినేవారు. అందరి కాళ్ళూ లాగేవి. విషయం తెలిసి బుద్ధుడు ఒక ఏర్పాటు చేశాడు. చిన్నవాడైనా సరే, నేర్పేటప్పుడు సమాన ఆసనం మీదో, ఎత్తు ఆసనం మీదో కూర్చోవచ్చు. క్షౌరం చేసేవాడు కులీనుల ముందు నిలబడి బతికిన దేశంలో ఆ ఆసనం విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

తీర్పు చెప్పడంలో ఆయన ఎట్లాంటివాడో ఒక్కటి చెప్తాను. ఒక భిక్కుణి గర్భవతి అని తెలిసింది. దేవదత్తుడు విచారణ లేకుండా బయటికి పొమ్మన్నాడు. ఆమె బుద్ధుని దగ్గరికి వచ్చింది. బుద్ధుడు విచారణ ఉపాలికి అప్పగించాడు. ఉపాలి రాజు పసేనది ముందు, నలుగురిలో విచారణ పెట్టాడు. విశాఖను పిలిపించి, ఆడవాళ్ళ పద్ధతిలో చూసి చెప్పమన్నాడు. విశాఖ తెర కట్టించి, చూసి, నెలలూ రోజులూ లెక్కవేసి, దీక్షకు ముందే గర్భం వచ్చిందని తేల్చింది. ఉపాలి ఆమె నిర్దోషి అని ప్రకటించాడు. పుట్టిన బిడ్డే కుమారకస్సపుడు. అనుమానం ఉంటే గుసగుసలాడొద్దు, బయటపెట్టి తేల్చాలి. తేలాక మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు.

వినయధరుల్లో అగ్రుడని బుద్ధుడే ఆయనను గుర్తించాడు. బుద్ధుని పరినిబ్బానం తర్వాత రాజగహలో 500 మంది అరహంతులు మొదటి సంగీతి జరిపారు. మహాకస్సపుడు అడిగాడు, ఉపాలి చెప్పాడు. ప్రతి నియమం ఎక్కడ పెట్టారు, ఎవరి విషయంలో పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నీ చెప్పాడు. పుట్టుకతో శాక్యుడైన ఆనందుడు ధమ్మం చెప్పాడు. అంతకు ముందు వినయం చెప్పింది క్షురకుడు. అక్కడా ఆయనే ముందు.

వేసాలిలో దాసకుడనే యువకుడు వేదాలు చదివి వాదానికి వచ్చాడని శ్రీలంక వంశగాథ చెబుతుంది. ఉపాలి అతని ప్రశ్నలకు జవాబు చెప్పాడు. ఉపాలి అడిగినదానికి అతను చెప్పలేకపోయాడు. నేర్పమని అడిగి, తల్లిదండ్రుల అనుమతి తెచ్చుకుని శిష్యుడయ్యాడు. ఉపాలి తర్వాత వినయాన్ని మోసినవాడు అతనే. దాసకుడి తర్వాత సోనకుడు, సిగ్గవుడు, ఆపైన అశోకుని కాలపు మొగ్గలిపుత్త తిస్సుడు. ఒక గురువు ఒక శిష్యుణ్ణి సరిగా తయారుచేస్తే గొలుసు ఎంతదూరం సాగుతుందో చూడండి.

ఇప్పుడు బాబాసాహెబ్‌ను తలుచుకోండి. 1917లో ఆయన విదేశీ చదువుతో బరోడా వచ్చి అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనర్‌గా చేరారు. ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉన్నారు. 11వ రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. అది ఆయన ప్రతిభకు పెట్టిన పరీక్ష కాదు. కులం ముందే తీర్పు రాసి పెట్టుకుంది. అలాంటి ప్రొబేషన్ మన ఇళ్ళలో ఎంతమంది అనుభవించారో లెక్క లేదు. అందుకే పరీక్షాకాలం అనగానే మనకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే. కానీ అన్యాయమైన పరీక్షకు జవాబు పరీక్షే లేకపోవడం కాదు. న్యాయమైన పరీక్ష పెట్టడం. బాబాసాహెబ్ 1935 అక్టోబరు 13న యేవలాలో హిందువుగా చావనని ప్రకటించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. ఆ 21 ఏళ్ళు ఆయన ధమ్మాన్ని పరీక్షించారు, తనను తాను తయారుచేసుకున్నారు.

భిక్కువులకు దీక్ష ఉండి ఉపాసకులకు విడిగా ధమ్మదీక్ష లేకపోవడం పెద్ద లోపమని, ఈ దేశంలో బౌద్ధం పడిపోవడానికి అదొక కారణమని ఆయన రాశారు. ఆ లోపం నింపడానికే మనకు దీక్షను, 22 ప్రతిజ్ఞలను ఇచ్చారు. కాబట్టి దీక్ష కోరి వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపకండి. శిక్షణ, గడువు కావాల్సింది బాధ్యతలకు. తాళంచెవికి, రసీదు పుస్తకానికి, మైకుకు, పిల్లలకు ధమ్మం చెప్పే పనికి.

మా విహారంలో ఇప్పుడు ఇట్లా చేస్తున్నాం. కొత్తవారికి ఒక పెద్ద అన్ననో అక్కనో పేరు పెట్టి అప్పగిస్తాం. గడువు 4 నెలలు అని మొదటిరోజే నలుగురి ముందు చెప్తాం. ఏం చూస్తామో కూడా చెప్తాం. పనిలో చెయ్యి వేయడం, చదవడం, పంచశీల, డబ్బు లెక్క, మాట తీరు. నేర్పాల్సినవారు నేర్పారా అని కొత్తవారిని కూడా అడుగుతాం. గడువు ముగిసిన రోజున అవునో కాదో చెప్తాం. కాదంటే ఎందుకో చెప్తాం. అవునంటే పక్కన కూర్చోబెట్టుకుంటాం.

చాపలు వేసే ఆ అక్క ఈ వెసాక్ పౌర్ణమికి వందన చదివింది. అత్తగారు కూడా వచ్చి వెనక కూర్చుంది. అలిగి వెళ్ళిన తమ్ముడి ఇంటికి ఇద్దరం వెళ్ళాం. ఇంకా రాలేదు. మళ్ళీ వెళ్తాం. మీ విహారంలో కూడా ఇట్లాంటి పేర్లు రెండు ఉండే ఉంటాయి. ఈ పుస్తకం మూసి ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి.

జై భీమ్. నమో బుద్ధాయ.